ఆటోమేటిక్ మోర్టార్లు: మన సైన్యానికి ఏది పనికొస్తుంది, ఏది రాదు?

తిరుచానూరు_మెకానికల్ | శనివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. తిరుపతిలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కు ఆటోమేటిక్ మోర్టార్లు (బాంబును ఎత్తుగా పైకి విసిరే గొట్టపు ఆయుధాలు) అని టాపిక్ ఇచ్చేశాను, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఫిన్లాండ్, స్వీడన్ కలిసి చేసిన ఆమోస్ వీడియోలు చూసి పడిపోయాను. ఎనిమిది చక్రాల బండి, దాని మీద టరెట్ (చుట్టూ తిరిగే కవచపు గది), అందులో రెండు 120 ఎం.ఎం. గొట్టాలు. మనిషి బయటికే రాడు. బండి ఆగడం, కాల్చడం, వెళ్లిపోవడం అంతా క్షణాల్లో అయిపోతోంది.

రెండు సందేహాలు. వెనకా ముందూ కాల్చిన బాంబులన్నీ ఒకేసారి వెళ్లి పడతాయంటున్నారు, అదెలా? ఇంత మంచిదైతే మన ఆర్మీ ఎందుకు కొనలేదు? ఇక్కడ ఆర్టిలరీలో చేసిన పెద్దవాళ్లు ఉన్నారని తెలుసు. కాస్త చెప్పండి సార్.

పలమనేరు_గన్నర్ | రాత్రి 9:25

నాయనా, ముందు ఈ పని చేత్తో ఎట్ల చేస్తారో తెలుసుకో. అప్పుడు మిషన్ దేన్ని తగ్గిస్తోందో నీకే అర్థమవుతుంది. నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయి లైట్ రెజిమెంట్‌కు పోయినవాణ్ణి. మా చేతిలో ఉండింది 120 మోర్టార్లే.

బండి ఆగుతుంది. బేస్‌ప్లేట్, అంటే గొట్టం కింద ఆనే పళ్లెం, దించాల. నేల మెత్తగా ఉంటే అది లోపలికి దిగబడిపోతుంది, బండరాయి అయితే దెబ్బకు ఎగురుతుంది. మొదటి ఒకటి రెండు బాంబులు ప్లేట్‌ను నేలలో కూర్చోబెట్టడానికే పోతాయి. దాన్ని బెడ్డింగ్ అంటాం. తర్వాత గొట్టం, బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా), సైటు (గురి చూసే పరికరం). ఎయిమింగ్ పోస్టులు, అంటే గురికి గుర్తు కర్రలు, పాతి దిక్కు కలపాల. ఓ.పి. (ముందుండి టార్గెట్ చూసే చోటు) నుంచి వైర్‌లెస్‌లో టార్గెట్ వస్తుంది. కమాండ్ పోస్టులో లెక్క కట్టి బేరింగ్ (దిక్కు), ఎలివేషన్ (ఎత్తు కోణం), ఛార్జ్ (బాంబును తోసే మందు ఎంతో) చెబుతారు. బాంబు తోకకు ఉండే ఛార్జ్‌లలో చెప్పినన్ని ఉంచి మిగతావి పీకేయాల. అప్పుడు మూతిలోంచి జారవిడవాల. ఒక్కో బాంబు సుమారు 13 కిలోలు. అది పోయిన ప్రతిసారీ గొట్టం ఎంతో కొంత కదులుతుంది, సైటులో బుడగ చూసి మళ్లీ సరిచేయాల. ఇదంతా రాత్రిపూట, వానలో, టార్చి వేయకుండా ఊహించుకో.

ఇందులో ఏ పని మిషన్‌కు ఇచ్చారన్నది చూడాల. నువ్వు వీడియోలో చూసి మురిసిపోయిన లోడింగ్ చెయ్యి ఆఖరి పని చేస్తోంది. మాకు అది కష్టమే కాదు. కుర్రాళ్లు నిమిషానికి పది బాంబులు వేసేవాళ్లు. టైమంతా తినేసేది దిక్కు కలిపే దగ్గర, లెక్క దగ్గర.

యేర్పేడు_ఎలక్ట్రానిక్స్ | రాత్రి 10:02

గన్నర్ గారు అసలు విషయం చెప్పేశారు. ఎయిమింగ్ పోస్టుల పనిని ఇప్పుడు జైరోలు (ఎటు ఎంత తిరిగిందో పసిగట్టే పరికరాలు) చేస్తున్నాయి. గొట్టానికే ఇనర్షియల్ యూనిట్ బిగిస్తారు. గొట్టం ఏ దిక్కు చూస్తోంది, ఎంత ఎత్తులో ఉంది అన్నది అదే చెబుతుంది. బండి ఎక్కడ నిలబడిందో ఉపగ్రహం చెబుతుంది, జామింగ్ ఉంటే, అంటే శత్రువు ఆ సిగ్నల్‌ను అడ్డుకుంటే, ఇనర్షియల్ లెక్కతో నడిపిస్తారు. టార్గెట్ నేరుగా డేటా లింకులో వస్తుంది. కంప్యూటర్ లెక్క కట్టి మోటార్లకు ఆజ్ఞ ఇస్తుంది, గొట్టం తిరిగి నిలబడుతుంది.

ఇజ్రాయెల్ వాళ్ల కార్డోమ్ ఈ పద్ధతిలోదే. సోల్టమ్ కంపెనీ చేసింది, ఇప్పుడు ఎల్బిట్ చేతిలో ఉంది. అమెరికా స్ట్రైకర్ మోర్టార్ బండి ఎం1129లో ఉన్నది దీని రూపమే. బాంబును మాత్రం ఇప్పటికీ మనిషే మూతిలోంచి వేస్తాడు. అయినా ప్రతి బాంబు తర్వాత గొట్టాన్ని మళ్లీ గురికి తెచ్చేది కంప్యూటరే. దాని విలువ తెలియాలంటే ఒక చిన్న లెక్క: వృత్తాన్ని 6400 మిల్స్‌గా భాగిస్తారు. ఒక మిల్ తప్పితే కిలోమీటరు దూరంలో దాదాపు మీటరు పక్కకు పోతుంది. 7 కిలోమీటర్లకు 7 మీటర్లు. గొట్టం 10 మిల్స్ కదిలిందా, 70 మీటర్లు గోవిందా.

ఇక ఒకేసారి పడటం. గాలి నిరోధం వదిలేసి లెక్క చూడు. సెకనుకు 300 మీటర్ల వేగం, 80 డిగ్రీల కోణం. బాంబు సుమారు 3,140 మీటర్ల దూరంలో పడుతుంది, 60 సెకన్లు గాల్లో ఉంటుంది. ఛార్జ్ తగ్గించి వేగం 200 చేసి, కోణం 65 డిగ్రీలకు కాస్త తక్కువ పెట్టు. అదే దూరం, కానీ 37 సెకన్లే. వేగం 180, కోణం 54 అయితే 30 సెకన్లలోపే. మొదటిది కాల్చి, 23 సెకన్లు ఆగి రెండోది, ఇంకో ఏడు సెకన్లకు మూడోది. మూడూ ఒకే క్షణంలో దిగుతాయి. బాంబుకూ బాంబుకూ మధ్య ఛార్జ్, కోణం రెండూ మారాలి. తప్పు లేకుండా అంత వేగంగా చేయడం చేతులకు కష్టం, అందుకే లోడర్, కంప్యూటర్ కలిసి కావాలి. ఆమోస్‌కు రెండు గొట్టాలు, గొట్టానికి ఏడు చొప్పున 14 దాకా ఇలా పడేయొచ్చని చెబుతారు.

చిత్తూరు_తోతాపురి | రాత్రి 10:20

అన్నా, లెక్కలు బాగున్నాయి. కరెంటు పోతే? మా పల్ప్ ఫ్యాక్టరీలో ఒక్క సెన్సర్ చెడితే లైనంతా నిలబడిపోతుంది, మామిడికాయలు కుళ్లేదాకా టెక్నీషియన్ రాడు. యుద్ధం మధ్యలో టెక్నీషియన్ యాడినుంచి వస్తాడు?

పలమనేరు_గన్నర్ | రాత్రి 10:41

మంచి ప్రశ్న. మూతిలోంచి వేసే రకానికి ఆ భయం తక్కువ. మోటారు పోతే చేత్తో తిప్పే పిడి ఉంటుంది, మామూలు సైటు తగిలించుకోవచ్చు, మాలాంటోళ్లు ఉంటే పని జరిగిపోతుంది. టరెట్ లోపల వెనకనుంచి లోడ్ చేసే రకంతోనే చిక్కు. లోడర్ మొరాయిస్తే ఆ ఇరుకులో 13 కిలోల బాంబును పట్టుకుని మెలికలు తిరగాల.

స్వీడన్ వాళ్ల సంగతి చూడండి. ఆమోస్‌ను తయారు చేసిన ఇద్దరిలో వాళ్లొకరు. తీరా కొనే వేళకు వద్దనుకున్నారు. 2016లో మ్యోల్నర్ అనే దానికి ఆర్డర్ ఇచ్చారు, 40 బండ్లు. సి.వి.90 చెయిన్ బండి మీద రెండు 120 గొట్టాలే, కానీ మూతిలోంచి లోడింగ్, సులువైన యంత్రం. సొంత బిడ్డనే పక్కన పెట్టారంటే ధర ఎట్ల ఉండిందో అనుకోండి.

తిరుచానూరు_మెకానికల్ | రాత్రి 10:50

సార్, అంటే పూర్తి ఆటోమేటిక్ ఎవరూ కొనట్లేదా?

యేర్పేడు_ఎలక్ట్రానిక్స్ | రాత్రి 11:08

కొంటున్నారు. పోలండ్‌ది రాక్. రోసోమాక్ చక్రాల బండి మీద టరెట్, ఒక 120 గొట్టం, ఆటో లోడర్‌లో 20 బాంబులు సిద్ధంగా ఉంటాయి. 2017 నుంచి వాళ్ల సైన్యంలో ఉంది. ఫిన్లాండ్ పాట్రియా వాళ్లే ఆమోస్‌ను తగ్గించి ఒంటి గొట్టంతో నెమో చేశారు. అది పడవల మీదికీ ఎక్కింది, షిప్పింగ్ కంటైనర్‌లో పెట్టి కూడా చూపించారు. సింగపూర్‌ది శ్రామ్స్, ఫ్రాన్స్‌ది 2ఆర్2ఎం. ఈ రెండూ మధ్యరకం, లోడింగ్‌కు యంత్రం సాయం ఉంటుంది, టరెట్ ఉండదు.

రష్యావాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టారు. 1970 ప్రాంతంలో వాసిలెక్ అని 82 ఎం.ఎం. మోర్టార్ తెచ్చారు. నాలుగు బాంబుల క్లిప్పు పెడితే టకటకా కాల్చేస్తుంది. అఫ్ఘానిస్తాన్‌లో బాగా వాడారు. 1980ల మొదట్లో నోనా వచ్చింది, 120 టరెట్, పారాచూట్ దళాలకు. అంటే లోడింగ్ ఆటోమేషన్ యాభై ఏళ్ల నాటిది. కొత్తదనమంతా గురి కంప్యూటర్‌లో ఉంది.

రేణిగుంట_రాడార్ | రాత్రి 11:30

ఆలస్యంగా వచ్చాను. ఇంత తొందర ఎందుకు అని ఎవరూ అడగలేదే? కారణం మా లైనులో ఉంది.

మోర్టార్ బాంబు నిట్టనిలువుగా ఎగిరి నెమ్మదిగా దిగుతుంది. పైన లెక్కలోలా 60 సెకన్లు ఆకాశంలో ఉంటే రాడార్‌కు అంతకంటే ఏం కావాలి? పైకెక్కే దారిలో కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలు, ఆ దారిని వెనక్కి పొడిగించి గొట్టం ఎక్కడుందో చెప్పేస్తుంది. మొదటి బాంబు కింద పడకముందే నీ అడ్రస్ ఎదుటివాడి చేతిలో ఉంటుంది. వాడి ఫిరంగులు తయారుగా ఉంటే ఒకట్రెండు నిమిషాల్లో జవాబొస్తుంది. నెమో, రాక్ లాంటివి ఆగిన అర నిమిషంలో మొదటి బాంబు వేస్తామని, కాల్చడం అయ్యాక పది పదిహేను సెకన్లలో కదిలిపోతామని చెప్పుకునేది అందుకే. కాళ్ల మీద నిలబెట్టిన 120ని విప్పి, నేలలో కూరుకుపోయిన ప్లేటు పీకి, బండికి తగిలించేసరికి ఎంత పడుతుందో గన్నర్ సార్‌నే అడగండి.

మన దగ్గర స్వాతి రాడార్ ఉంది. బెంగళూరులోని డి.ఆర్.డి.ఓ. ల్యాబ్ ఎల్.ఆర్.డి.ఇ. డిజైన్, తయారీ బి.ఇ.ఎల్. (భారత్ ఎలక్ట్రానిక్స్). 81 ఎం.ఎం., అంతకు పెద్ద మోర్టార్లను 2 నుంచి 20 కిలోమీటర్లలో, ఫిరంగి గుండ్లను 30 దాకా పట్టగలదు. ఆర్మేనియా కూడా కొనుక్కుంది. 1999 కార్గిల్ నాటికి మనకు ఇది లేదు, ఆ లోటు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాతే అమెరికా నుంచి కొన్ని రాడార్లు కొన్నారు, సొంతదాని మీదా గట్టిగా పడ్డారు.

పలమనేరు_గన్నర్ | రాత్రి 11:44

ప్లేటు పీకడం సంగతి అడగొద్దు సామీ. బురదలో అయితే జీపుకు కట్టి లాగాల్సిందే.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 6:15

రాత్రి ఒక పోస్టు తీసేశాను. ఇప్పుడు ఏ యూనిట్ ఎక్కడుంది, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయి లాంటివి ఇక్కడ రాయకండి. పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో వచ్చినంతవరకు మాట్లాడుకుందాం.

పీలేరు_పల్టన్ | ఆదివారం ఉదయం 7:30

నేను ఇన్‌ఫాంట్రీ, మోర్టార్ ప్లాటూన్. 81 మాది. మీరంతా బండ్ల గురించి మాట్లాడుతుంటే నవ్వొస్తోంది. మేం చేసిన చోట రోడ్డే లేదు.

81 మోర్టార్ మొత్తం 40 కిలోలకు అటూ ఇటూ. గొట్టం ఒకరు, బైపాడ్ ఒకరు, ప్లేటు ఒకరు. వాటితో కొండెక్కచ్చు. బాంబు నాలుగు కిలోలు. అసలు బరువు బాంబులదే, కంపెనీ కుర్రాళ్లందరూ తలా రెండు మోస్తారు. కంచరగాడిదలు ఉంటే అదృష్టం. కొండ వెనక దాక్కున్న బంకర్‌ను కొట్టాలంటే నిట్టనిలువుగా దిగే మోర్టారే దిక్కు. ఇరవై టన్నుల టరెట్ బండి అక్కడికి ఎట్లొస్తుంది? తిరుమల మెట్లదారిలో ఇన్నోవా ఎక్కించమన్నట్టుంది.

మన సరిహద్దులో చాలా భాగం కొండే. ఆమోస్ ఎందుకు కొనలేదన్నదానికి నా జవాబు ఇదే. మాకు కావలసింది చేతిలో పట్టే చిన్న కంప్యూటర్, మంచి లేజర్ రేంజ్ ఫైండర్, తేలికైన గొట్టం. మోర్టార్ ఫైర్ కంట్రోలర్ (టార్గెట్ చూసి చెప్పేవాడు) పైనుంచి టార్గెట్ గ్రిడ్, అంటే మ్యాపులో అది ఉన్న చోటు, పంపితే కింద లెక్క తక్షణం రావాల. అది వస్తే సగం యుద్ధం గెలిచినట్టే.

శ్రీకాళహస్తి_చరిత్ర | ఆదివారం ఉదయం 8:10

పల్టన్ అన్న మాటకు ఒక అడ్డు. రాజస్థాన్, పంజాబ్ కొండలు కావు కదా. అక్కడ మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ బి.ఎం.పి.ల (జవాన్లను మోసే చెయిన్ కవచ బండ్లు) వెంట పరిగెత్తే మోర్టార్ కావాలి.

మనకు అసలు బండి మోర్టారే లేదనుకోవడమూ తప్పు. సి.ఎం.టి. అని ఉంది, క్యారియర్ మోర్టార్ ట్రాక్డ్. సారథ్ బి.ఎం.పి. బండి మీదే టరెట్ తీసేసి లోపల 81 మోర్టార్ పెట్టారు. తయారీ మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, అంటే మన ఎద్దుమైలారం. 108 బాంబులు పడతాయి, రేంజి 5 కిలోమీటర్లు. బేస్‌ప్లేట్ కూడా వెంట ఉంటుంది, కావాలంటే దించి నేల మీదనుంచి కాల్చుకోవచ్చు. లోడింగ్ మాత్రం చేత్తోనే. బండికి ఇప్పటి గురి కంప్యూటర్, 120 గొట్టం చేరిస్తే కొత్తగా ఏదీ దిగుమతి చేసుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

యేర్పేడు_ఎలక్ట్రానిక్స్ | ఆదివారం ఉదయం 9:00

120 గొట్టం చేర్చడం అంత సులువు కాదు. 120 దెబ్బ నేరుగా బండి నేల మీద పడుతుంది. కార్డోమ్‌లో రీకాయిల్ వ్యవస్థ ఉన్నది ఆ దెబ్బను మింగడానికే. వాళ్లే స్పియర్ అని ఇంకా మెత్తటిది చేశారు, జీపులాంటి తేలిక బండ్లు మోయగలిగేలా. స్పెయిన్ వాళ్లు అలాక్రాన్‌లో ఇంకో ఉపాయం చేశారు. బండి వెనక చేయి గొట్టాన్ని, ప్లేటునూ నేలకు దించుతుంది, దెబ్బ భూమికి పోతుంది, బండికి కాదు. కాల్చాక ఎత్తుకుని పోతుంది. మెకానికల్ వాడివి కాబట్టి, తమ్ముడూ, నీ సెమినార్‌కు ఈ పోలిక పెట్టు. జైరోల గురించి అందరూ చెబుతారు.

చిత్తూరు_తోతాపురి | ఆదివారం ఉదయం 9:20

ఇది నచ్చింది. తక్కువ ఖర్చు కూడా అయ్యుంటుంది.

రేణిగుంట_రాడార్ | ఆదివారం ఉదయం 10:15

కాల్చి పారిపోవడం కూడా ఇప్పుడు పూర్తి రక్ష కాదు. ఉక్రెయిన్‌లో చూశాం. రాడార్ అవసరం లేకుండా పైన డ్రోన్ తిరుగుతూ ఉంటుంది, పరిగెత్తే బండినే వెంటాడి కొడుతుంది. పోలండ్ రాక్‌లు అక్కడికీ వెళ్లాయి. ఒక రకంగా చెట్ల కింద గోతిలో దాచిన చిన్న మోర్టారే ఎక్కువ కాలం బతుకుతోంది. పెద్ద బండి వేడి థర్మల్ కెమెరాలో దూరం నుంచే తెలిసిపోతుంది.

పీలేరు_పల్టన్ | ఆదివారం ఉదయం 10:22

చెప్పాను కదా.

శ్రీకాళహస్తి_చరిత్ర | ఆదివారం ఉదయం 10:40

గోతిలో ఉన్నవాడికి పైన కవచం ఉండదు పల్టన్ అన్నా. డ్రోన్ వదిలిన చిన్న గ్రెనేడ్ చాలు, సిబ్బంది అంతా పోతారు. టరెట్ లోపలివాడికి ముక్కలైనా తగలవు. స్ట్రైకర్ ఎం1129 లాంటివాటికి ఉన్న లోపం ఇదే, కాల్చేటప్పుడు పై తలుపులు తెరిచే ఉంచాలి.

భద్రత మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. మూతిలోంచి వేసే మోర్టార్‌లో పెద్ద ప్రమాదం డబుల్ లోడింగ్. మొదటి బాంబు బయటికి పోకుండా లోపలే ఉండిపోతుంది. గొడవలో అది తెలియక రెండోది వేస్తారు. 2013 మార్చిలో అమెరికాలో నెవాడా రాష్ట్రం హాథోర్న్ దగ్గర ట్రైనింగ్‌లో 60 ఎం.ఎం. మోర్టార్ దగ్గర పేలుడు జరిగి ఏడుగురు మెరీన్లు చనిపోయారు. వెనకనుంచి లోడ్ చేసే టరెట్‌లో, లోపల బాంబు ఉందని సెన్సర్ చెబుతుంటే, రెండోది ఎక్కదు. నాకైతే ఆటోమేషన్‌కు ఇదే బలమైన వాదన. శత్రువు సంగతి తర్వాత, ముందు మన కుర్రాళ్లు మన గొట్టంతో చావకూడదు.

పలమనేరు_గన్నర్ | ఆదివారం ఉదయం 11:05

ఈ మాటకు ఎదురు చెప్పను. మిస్‌ఫైర్ అయినప్పుడు గొట్టాన్ని వంచి, మూతి దగ్గర చేతులు పెట్టి బాంబును బయటికి తీసేవాడి ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది. డ్రిల్లు ఎన్నిసార్లు చేసినా ఆ క్షణాన అందరికీ గొంతు ఎండిపోతుంది.

గాదంకి_గాలి | ఆదివారం మధ్యాహ్నం 12:30

వాతావరణం వైపునుంచి నాలుగు మాటలు. పై లెక్కలో 80 డిగ్రీలకు 300 వేగంతో పోయిన బాంబు దాదాపు 4,450 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, నిజం గాలిలో ఇంకా తక్కువ. ఆ దారి పొడవునా గాలి ఒకేలా ఉండదు. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి, వేగాలు వేరు. బాంబు నిమిషం పాటు వాటి మధ్య ఉంటుంది. అందుకే పదుల మీటర్లు పక్కకు పోవడం మామూలే. జైరో ఎంత మంచిదైనా గాలి తెలియకపోతే ఆ తప్పు అలాగే ఉంటుంది. ఆర్టిలరీవాళ్లు బెలూన్ వదిలి పొరపొరకూ గాలి కొలిచేది అందుకే.

మన పాకాల దగ్గర గాదంకిలో ఎన్.ఎ.ఆర్.ఎల్. (జాతీయ వాతావరణ పరిశోధనశాల) వాళ్ల ఎం.ఎస్.టి. రాడార్ ఉంది. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెనాలు, 53 మెగాహెర్ట్జ్. పై గాలిని కొలవడమే దాని పని, సైన్యంతో సంబంధం లేని పరిశోధన అది. కాలేజీ వాళ్లు ముందుగా అనుమతి అడిగి చూసి రావచ్చు. గాలి ప్రొఫైల్ ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే నీ సెమినార్‌లో "విండ్ కరెక్షన్" అనే ఒక్క లైను రాసి వదిలేయవు.

ఇంకొకటి. 4,500 మీటర్ల ఎత్తు కొండల మీద గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదాంట్లో 63 శాతమే. నిరోధం తగ్గి బాంబు దూరం పోతుంది. కింద తయారు చేసిన రేంజ్ టేబుల్ అక్కడ నేరుగా పనికిరాదు.

యేర్పేడు_ఎలక్ట్రానిక్స్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

గైడెడ్ బాంబులు ఈ గొడవను తప్పిస్తాయి. 2011లో అమెరికా అఫ్ఘానిస్తాన్‌లో జి.పి.ఎస్. గైడెడ్ 120 బాంబు దించింది. స్వీడన్‌కు అంతకుముందే ట్యాంకుల మీదికి స్ట్రిక్స్ ఉంది. ఇజ్రాయెల్‌ది ఐరన్ స్టింగ్. గాలి ఎటు తోసినా దారిలో సరిదిద్దుకుంటాయి. కాకపోతే మామూలు బాంబు ధరతో పోలిస్తే చాలా ఖరీదు, ప్రతి గోతి మీదా వేయలేం.

తిరుచానూరు_మెకానికల్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ చాలా థ్యాంక్స్. సెమినార్ టాపిక్ కాస్త మార్చాను. లోడర్ గురించి రెండు స్లైడ్లే. మిగతాదంతా రీకాయిల్‌ను బండి మోయాలా, నేల మోయాలా అన్న పోలిక, దాంతోపాటు ఒకేసారి పడే లెక్క. ఆ లెక్కను గాలి నిరోధంతో కలిపి కంప్యూటర్‌లో కడుతున్నాను. నిరోధ గుణకం ఒకటే స్థిరంగా తీసుకుంటే సరిపోతుందా సార్?

యేర్పేడు_ఎలక్ట్రానిక్స్ | ఆదివారం రాత్రి 10:05

200, 180 వేగాలకు స్థిరంగా తీసుకో, పర్వాలేదు. 300 దగ్గరే జాగ్రత్త. ధ్వని వేగం కింద 340 అయితే 4,500 మీటర్ల ఎత్తున చలికి 322 దాకా దిగుతుంది. కింద మాక్ (ధ్వని వేగంతో పోలిస్తే ఎంత) 0.88 అన్నది లద్దాఖ్ ఎత్తున కాలిస్తే 0.93 అవుతుంది. అక్కడ నిరోధ గుణకం ఉన్నట్టుండి పెరుగుతుంది కాబట్టి మాక్‌ను బట్టి గుణకం మారే పట్టిక పెట్టుకో.

పలమనేరు_గన్నర్ | ఆదివారం రాత్రి 10:20

ఛార్జ్‌లోని మందు ఉష్ణోగ్రత కూడా పెట్టు నాయనా. చలికి అది నెమ్మదిగా కాలి వేగం తగ్గుతుంది. రేణిగుంట ఎండలో 300 వచ్చేది మైనస్ ఇరవైలో రాదు. మేం ఛార్జ్ పెట్టెలో థర్మామీటర్ పెట్టి చదివి, కమాండ్ పోస్టుకు చెప్పేవాళ్లం.